కణంలో కూల్చివేతలు తక్షణమే ఆపాలి

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కూల్చి చూడమని మన పెద్దలెవరూ అనలేదు. శంకుస్థాపనకు శిలాఫలకం వేయిస్తాము, కూల్చివేతకు కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటాము. ఇంతటి నిర్మాణప్రియత్వం ఉన్న జాతికి ప్రొటీన్ మీద మోజు కలగడం సహజమే. జిమ్ముకు వెళ్ళే కుర్రవాళ్ళు కిలోల లెక్కన పొడి డబ్బాలు కొంటున్నారు, పప్పన్నం తినేవారు సైతం పళ్ళెంలో గ్రాములు లెక్కపెట్టుకుంటున్నారు. అయితే ఈ భక్తులకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. ఎదిగిన మనిషి ఆహారంలో రోజుకు అరవై, ఎనభై గ్రాముల ప్రొటీన్ తింటే, అతని కణాలు అదే రోజున సుమారు 250 నుంచి 300 గ్రాముల సొంత ప్రొటీన్‌ను విరగ్గొట్టి, ఆ ముక్కలతోనే తిరిగి కొత్తవి కట్టుకుంటాయి. ఈ దుబారా మీద ఇంతవరకు ఒక్క ప్రజాప్రయోజన వ్యాజ్యమైనా పడకపోవడం విచారకరం.

కూల్చివేతల శాఖ పనితీరును పరిశీలించితే అనుమానం మరింత బలపడుతుంది. మడత తప్పిన ప్రొటీన్, పని ముగిసిన ప్రొటీన్, పాతబడిన ప్రొటీన్ ఏదైనా సరే, దానికి యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కట్టే ఇటుకల) చిన్న తాఖీదు అంటిస్తారు. ఆ తాఖీదు మూడు బల్లలు దాటాలి. మొదటి బల్ల దగ్గర మనిషి కణాల్లో రెండే ఎంజైములు ఉంటాయి, రెండో బల్ల దగ్గర కొన్ని పదులు, మూడో బల్ల దగ్గర ఆరువందలకు పైగా. ఏ ప్రొటీన్‌ను కూల్చాలో తేల్చేది ఈ మూడో బల్లవారే. సాధారణంగా నాలుగైనా తాఖీదులు గొలుసుగా పడితే తప్ప, ప్రోటియాసోమ్ అనే పీపాలాంటి యంత్రం తలుపు తీయదు. తలుపు తీశాక ప్రొటీన్ లోపలికి పోయి ముక్కలవుతుంది, తాఖీదును మాత్రం ఊడదీసి మళ్ళీ వాడుకుంటారు. కాగితం ఆదా చేసే ఈ అలవాటు మన కార్యాలయాలకు అంటకుండా జాగ్రత్తపడాలి.

పైగా ఇదంతా ఉచితంగా జరగదు. జీర్ణకోశంలో పప్పు అరగడానికి ఎంజైములకు ఏటీపీ, అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే నాణెం, అక్కరలేదు, కణంలో కూల్చడానికి కావాలి. ఈ వింతను 1953లోనే ఎలుక కాలేయపు ముక్కలలో గమనించారు. కారణం తేల్చడానికి ఇజ్రాయెల్‌లోని హైఫా నగరపు టెక్నియాన్ సంస్థలో హెర్ష్‌కో, సిచనోవర్, వారితో పనిచేసిన అమెరికన్ ఇర్విన్ రోజ్ కుందేలు ఎర్ర రక్తకణాల రసాన్ని జల్లెడ పట్టవలసివచ్చింది. 2004లో ఆ ముగ్గురికీ రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. కూల్చినవారిని సన్మానించడం ఎంతటి దుస్సంప్రదాయమో స్వీడన్ వారు ఆలోచించినట్టు లేదు. 2016లో కణం తన భాగాలనే సంచిలో చుట్టి అరిగించుకునే పద్ధతిని విప్పిన జపాన్ శాస్త్రవేత్త ఒసుమికీ మరో నోబెల్ ఇచ్చారు.

అన్నిటికంటే ఘోరమైనది పీ53 అనే ప్రొటీన్ వ్యవహారం. డీఎన్‌ఏకు దెబ్బ తగిలితే కణ విభజనను నిలిపివేసే ఈ కాపలాదారును ఆరోగ్యవంతమైన కణం నిరంతరం తయారుచేస్తూనే ఉంటుంది, ఎండీఎం2 అనే మూడో బల్ల అధికారి కొద్ది నిమిషాలలోనే దాన్ని కూల్పిస్తూ ఉంటాడు. ప్రమాదం వచ్చినపుడు మాత్రం ఎండీఎం2 పట్టు సడలుతుంది, పీ53 చకచకా పోగుపడుతుంది. అంటే ఉద్యోగిని అట్టే పెట్టుకోవడం కంటే రోజూ నియమించి రోజూ తీసివేయడమే త్వరితంగా పని జరిగే మార్గమన్నమాట. ఉద్యోగ సంఘాలు దీన్ని ఖండించాలి. హ్యూమన్ పాపిలోమా వైరస్ ఈ శాఖ బలహీనతను చక్కగా కనిపెట్టింది. దానిలోని 16, 18 వంటి ప్రమాదకర రకాలు తెచ్చే ఈ6 ప్రొటీన్, కణంలోని సొంత అధికారినే వెంటబెట్టుకు వెళ్ళి పీ53 మీద తాఖీదు వేయిస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బాట అలా పడుతుంది. తాఖీదు అసలుదే, ముద్ర అసలుదే, సిఫారసు ఒక్కటే బయటిది. ఇందులో మనకు కొత్తగా నేర్చుకోవలసినదేమీ లేదు.

కూల్చివేతలు ఆగిన చోట్లు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో కూడా చెప్పాలి. కంటి లెన్సు నడిమి భాగంలోని క్రిస్టలిన్ ప్రొటీన్లు తల్లి కడుపులో ఉండగా తయారైనవి. అక్కడి కణాలు తమ యంత్రాంగాన్ని ఎప్పుడో వదులుకున్నాయి కనుక వాటిని మార్చే నాథుడు లేడు. వారసత్వ కట్టడాలుగా డెబ్బై ఏళ్ళు నిలిచి, చివరకు గడ్డకట్టి మసకబారితే దాన్ని శుక్లం అంటారు. కణం కూల్చని దానిని కంటి డాక్టరు కూల్చవలసివస్తుంది. మెదడులో ఆ సౌకర్యం లేదు. పార్కిన్ అనే అధికారి జన్యువు చెడినవారికి చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వస్తుందని 1998లో తెలిసింది. కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలలో దెబ్బతిన్నవాటిని ఏరివేసే పనిలో పార్కిన్‌కు ముఖ్యపాత్ర ఉంది. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం నాడీకణంలో లేకపోవడం వల్లనే ఈ ఇబ్బంది అని నా అభిప్రాయం. రుసుము కట్టించుకుని వదిలేస్తే పోయేది కదా?

అతి ఉత్సాహమూ ఉంది. క్యాన్సర్‌తోనో తీవ్ర ఇన్‌ఫెక్షన్‌తోనో వారాల తరబడి మంచం పట్టినవారి తొడ కండరాలు కరిగిపోవడం ఆకలి ఒక్కదాని వల్ల కాదు, కండరంలో కూల్చివేత సిబ్బంది సంఖ్య పెరగడం వల్ల కూడా. కొంత కదిలించి నడిపిస్తే ఆ నష్టం తగ్గుతుంది. డబ్బా పొడి ఒక్కటే ఆ పని చేయలేదు.

ఇక నా డిమాండును అక్షరాలా అమలుచేసిన మందు ఒకటుంది. 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజోమిబ్, ప్రోటియాసోమ్‌కు తాళం వేస్తుంది. మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ కణాలు యాంటీబాడీ ప్రొటీన్లను విపరీతంగా ఉత్పత్తి చేస్తాయి కనుక, తాళం పడగానే సొంత చెత్తలో ఊపిరాడక చస్తాయి. కూల్చివేతలు ఆపినందుకు చచ్చేది అక్రమార్కుడే కావడం నా వాదనకు కొంచెం ఇబ్బందికరమే అయినా, దానిపై వేరే ఉపసంఘం వేద్దాము.

అదే జబ్బుకు వాడే లెనలిడోమైడ్ అనే మందు దారి పూర్తిగా వ్యతిరేకం. దీనికి పెద్దన్న థాలిడోమైడ్. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా మార్కెట్లోకి వచ్చి, గర్భిణుల వికారానికీ వాడబడి, 1961 చివరలో వెనక్కు తీసుకునేలోపు పదివేలకు పైగా శిశువులు అవయవ లోపాలతో పుట్టడానికి కారణమైంది. ఆ మాత్ర కణంలో ఎవరిని పట్టుకుంటుందో 2010లో గాని తేలలేదు. సెరెబ్లాన్ అనే మూడో బల్ల అధికారికి అతుక్కుని, అతని కూల్చివేతల జాబితాలో కొత్త పేర్లు రాయిస్తుంది. లెనలిడోమైడ్ రాయించే పేర్లలో మైలోమా కణాలకు ప్రాణాధారమైన ఇకారోస్, ఐయోలోస్ ప్రొటీన్లు ఉన్నాయి. ఆ క్యాప్సూళ్ళు ఇప్పుడు హైదరాబాద్ కంపెనీలు తయారుచేసి అమెరికాకు కూడా పంపుతున్నాయి. గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీకి దానిని ఇచ్చే ముందు గర్భ పరీక్ష చేయాలన్న నిబంధన ఒకటుంది. ఈ శాఖ ఫైళ్ళన్నిటిలోనూ నేను సవరణ కోరని వాక్యం అదొక్కటే.