‘వారు’ అనడం మనకు కొత్తా?

పోయిన నెల ఇక్కడ అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ పాట్‌లక్‌లో ఒక నాన్న టెన్షన్ పడుతూ చెప్పారు. వాళ్ళ అమ్మాయి క్లాస్‌మేట్ ఒకరు తనను ‘హి’, ‘షి’ అని కాకుండా ‘దే’ (వాళ్ళు) అని పిలవమన్నారట. “ఒక్క మనిషిని పట్టుకుని వాళ్ళు అనడమేంటండీ? ఇవన్నీ ఈ దేశంలో పుట్టిన పైత్యాలు” అన్నారు. అందరూ తలూపారు. నేనూ మాట్లాడలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నా.

మాటలు ఇక్కడివే, కాదనను. జెండర్ చాలాకాలం వ్యాకరణం మాట. 1955లో జాన్ మనీ అనే సైకాలజిస్టు దాన్ని మనుషుల నడవడికి వాడారు. ట్రాన్స్‌జెండర్ 1965లో ఒక వైద్య గ్రంథంలో వచ్చింది. లాటిన్‌లో ట్రాన్స్ అంటే అవతల, సిస్ అంటే ఇవతల. పుట్టినప్పుడు రాసిన జెండర్ తమకు పొసగనివారు ట్రాన్స్, పొసగేవారు సిస్. సిస్‌జెండర్ 1990లలోది.

మరి మనుషులో?

మాది నల్లగొండ దగ్గర పల్లె. మగపిల్లవాడిగా పుట్టి, చీర కట్టుకుని, ముఖం నిండా పసుపు పూసుకునే శివసత్తి (దేవుడికి అంకితమై జాతరల్లో పూనకమొచ్చే మనిషి) ఒకరు మా ఊళ్ళో ఉండేది. చెరువుగట్టు జాతరలో మా నాయనమ్మ ఆమె కాళ్ళు మొక్కి, “అమ్మా, మా ఇల్లు సల్లగుండేటట్టు జూడు” అని అడిగేది. జాతర అయిన నాలుగు రోజులకు అదే మనిషి బస్టాండ్‌లో కనిపిస్తే మా పిల్లలందరం ఒక పాడుమాటతో పిలిచాం. ఆ మాట ఇక్కడ రాయను. తనను ఏమని పిలవాలో మాత్రం ఎవరమూ అడగలేదు.

అవమానం మాటతో ఆగలేదు. నిజాం పాలనలో 1329 ఫస్లీలో, అంటే 1919లో ఒక చట్టం వచ్చింది. ఇలాంటివాళ్ళ పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి, ఆడబట్టలతో బయట కనిపిస్తే వారంట్ లేకుండానే పట్టుకోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో! ఎవరి జెండర్ వారే చెప్పుకోవచ్చన్న 2014 సుప్రీంకోర్టు తీర్పులో మన శివసత్తుల ప్రస్తావన ‘శివశక్తులు’ అని ఉంది. పైత్యం అనే ముందు ఇది తెలియాలి.

ఇక ‘దే’ సంగతి. మామయ్యగారు వచ్చారు, అత్తయ్యగారు వచ్చారు. క్రియలో ఆడామగా తేడా ఉందా? ఒక్కరినే ‘వారు’ అంటాం, అది మగవారో ఆడవారో ఆ మాట చెప్పదు. ఇంగ్లిష్‌లో వింతగా తోస్తున్నది మన ఇళ్ళల్లో రోజూ నోట్లో నానేదే. వచ్చే పాట్‌లక్‌లో ఆ నాన్న పక్కనే కూర్చుని ఇది చెప్తాను.