కొరివి దెయ్యానికి గేర్లెన్ని?

ఈ రోజుల్లో కొరివి దెయ్యాలకు జరిగినంత అన్యాయం ఇంకెవరికీ జరగలేదు. ఊరికి కరెంటు రాగానే దెయ్యం పోయిందన్నారు. హేతువాదులు వచ్చి అది బురదలో పుట్టే గ్యాసన్నారు. టీవీ వాళ్ళు వచ్చి రాత్రంతా కెమెరా పెట్టి, ప్రకటనల మధ్యలో కాసేపు భయపెట్టి వెళ్ళిపోయారు. గోదావరి లంకల్లో రాత్రిపూట నడిచే వెలుగుల మీద బాధ్యతగా, శాస్త్రీయంగా, ముఖ్యంగా ఎవరి మనసూ నొచ్చుకోకుండా విచారణ జరిపినవాడు ఒక్కడూ లేడు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు లక్షణాలు చూద్దాం. పెద్దలు చెప్పిన ప్రకారం కొరివి దెయ్యం చేతిలోనో నోట్లోనో నిప్పు పెట్టుకుని గట్ల మీద తిరుగుతుంది. మనం దగ్గరకు వెళ్తే అది దూరం జరుగుతుంది. వెంటపడ్డామా, దారి తప్పించి గుంటలో పడేస్తుంది. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఒంటరిగా పోయేవాణ్ణి ఆపి చుట్టకు నిప్పడుగుతుంది. నోట్లోనే నిప్పున్నదానికి మళ్ళీ నిప్పెందుకని ఇన్ని తరాల్లో ఎవరికీ సందేహం రాలేదు. లంక పొగాకు పండే నేల కాబట్టి చుట్ట సంగతిని మాత్రం నేను ప్రశ్నించదలచుకోలేదు.

ఇక సైన్సు. 1776లో వోల్టా అనే ఇటలీ ఆయన ఒక పెద్ద సరస్సు ఒడ్డున బురదను కెలికి, పైకొచ్చిన బుడగల్ని సీసాలో పట్టి నిప్పంటించాడు. మండింది. అదే మీథేన్. నీళ్ళ అడుగున గాలి తగలకుండా ఆకూ అలమూ కుళ్ళితే పుడుతుంది. నీళ్ళు కట్టిన వరిచేలోనూ పుడుతుంది. ఆ లెక్కన కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి డెల్టాకు నీళ్ళిచ్చిన నాటినుంచీ మన సంపదతోపాటు దెయ్యాలు కూడా పెరిగి ఉండాలి. చిక్కేమిటంటే మీథేన్ తనంతట తాను అంటుకోదు. ఫాస్ఫరస్ వాయువులు తోడైతే గాలి తగలగానే రాజుకుంటుందని ఒక వాదన ఉంది. సరే, రాజుకుందనే అనుకుందాం. అది ఉన్నచోటే కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోవాలి. అంతేగానీ వరుసలో నిలబడి, ఒకదాని తర్వాత ఒకటి ఏటిగట్టు ఎక్కి, ఊరి మలుపు దగ్గర ఎదురుగా వచ్చేదానికి దారివ్వదు.

మా కాళ్ళ కింద ఇంకో గ్యాసుంది. దాన్ని ఎవరూ దెయ్యం అనలేదు, కంపెనీ బోర్డు ఉంది కనుక. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుటై 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గెయిల్ పైపులైను పేలి, నిద్రలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే కాలిపోయారు. ఆ మంటల మీద వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు. నిజమైన నిప్పుకు ఒక తేదీ ఉంటుంది, కేసుంటుంది, పరిహారం లెక్క ఉంటుంది. మనం విచారిస్తున్న వెలుగుకు ఇవేవీ లేవు కాబట్టి అది ఈ కోవలోకి రాదు.

రొయ్యల చెరువుల దగ్గరి లైట్లు, రాత్రి పీతల వేటకు వెళ్ళేవాళ్ళ తలదీపాలు కూడా పక్కన పెట్టేద్దాం. అవి ఫలానావాళ్ళవని అడిగితే ఎవరైనా చెప్తారు.

మిగిలింది అసలు వెలుగు. దీని అలవాట్లు గమనించదగ్గవి. వరద రోజుల్లో, అంటే ఎర్రనీళ్ళు గట్లను ఒరుసుకుని పారేటప్పుడు, కనపడదు. నీళ్ళు తీసి తిన్నెలు బయటపడ్డాక మొదలవుతుంది. శంకుస్థాపనలకు మంచి ముహూర్తాలున్న నెలల్లో జోరందుకుంటుంది. మూఢంలో కాస్త నెమ్మదిస్తుంది. ఇంత సంప్రదాయం తెలిసిన దెయ్యం మరెక్కడా ఉండదు. ఎక్కువగా జంట వెలుగులుగా వస్తుంది. కొన్ని ఒంటికన్నువి, రెండో కన్ను పగిలిపోయినట్టు కనిపిస్తుంది. నది మధ్యలో మరో జాతి ఉంది. దానికి ఒకటే చెయ్యి, చాలా పొడుగు. ఆ చేతిని నీళ్ళలోకి ముంచడం, ఎత్తడం, పక్కకు తిప్పడం, మళ్ళీ ముంచడం. తెల్లవార్లూ అదే పని.

పడవ రేవులో ఒక ముసలి సరంగును అడిగాను, తాతా, అది దెయ్యమేనంటావా అని.

"దెయ్యమేనండి బాబూ, ఆయ్. కాపోతే గట్టెక్కేటప్పుడు గేరు మారుస్తాదండి."

పాదాల విషయంలో మాత్రం పెద్దలను మెచ్చుకోవాలి. పొద్దున్నే ర్యాంపు దగ్గర చూస్తే అడుగుజాడలు నదిలోకి వెళ్ళినట్టూ ఉంటాయి, నదిలోంచి వచ్చినట్టూ ఉంటాయి. వెళ్ళేటప్పటివి తేలిగ్గా, వచ్చేటప్పటివి లోతుగా దిగి ఉంటాయి. వెనక్కి తిరిగిన పాదాలంటే ఇవే కావాలి. అడుగుజాడల్లో అడ్డం అడ్డంగా గళ్ళున్నాయని, పక్కన డీజిల్ మరకలున్నాయని కొందరు కుర్రాళ్ళు ఫోన్లలో ఫోటోలు తీశారు. దెయ్యాల పట్ల ఈ తరానికి గౌరవం తగ్గిపోతోంది.

ఇప్పుడు న్యాయశాస్త్రం ప్రకారం చూద్దాం. చీకటి పడ్డాక నదిలో ఇసుక తవ్వకూడదని నియమం ఉంది. ప్రభుత్వం పెట్టిన నియమాన్ని మనుషులు పాటిస్తారు. అయినా రాత్రి తవ్వకం జరుగుతోంది. కాబట్టి తవ్వుతున్నవాళ్ళు మనుషులు కారు. ఈ తర్కంలో తప్పు పట్టగలిగినవాళ్ళు ముందుకు రావచ్చు. నేనైతే ఏ ఆఫీసుకు వెళ్ళి విన్నవించినా దాదాపు ఇదే మాట వేరే పదాల్లో వినిపించింది. "అక్కడ ఏమీ జరగడం లేదండి" అన్నారు. ఏమీ జరగని చోట వెలుగు తిరుగుతోందంటే దాన్ని దెయ్యం అనకపోతే ఏమంటాం?

అన్నిటికంటే అబ్బురం దాని దివ్యదృష్టి. తనిఖీ జీపు ఆఫీసు గేటు దాటకముందే నదిలో వెలుగులన్నీ ఆరిపోతాయి. ఎక్కడో కిలోమీటర్ల అవతల, కాగితం మీద సంతకం పడుతున్నప్పుడే, లంకలో పొడుగు చెయ్యి ముడుచుకుంటుంది. జీపు వస్తుంది, టార్చి వేస్తుంది, ఖాళీ తిన్నెల ఫోటో తీసుకుంటుంది, టీ తాగుతుంది, వెళ్ళిపోతుంది. జీపు దుమ్ము అణగకముందే వెలుగులు లేస్తాయి. ఏ ఉపగ్రహానికీ లేని శక్తి ఇది. తుఫాను హెచ్చరికల వాళ్ళు ఈ దెయ్యాల్లో ఒకదాన్ని నెల జీతం మీద పెట్టుకుంటే తీరప్రాంతానికి ఎంతో మేలు. నెల మామూలు మీద అయితే ఇప్పటికే వేరేచోట కుదిరాయేమో, కనుక్కోవాలి.

పరిధి సమస్య కూడా ఉంది. గోదావరి పాయ వశిష్ఠకు ఇటు కోనసీమ జిల్లా, అటు పశ్చిమ గోదావరి. దెయ్యం సరిగ్గా నడిమధ్య ఉంటుంది. ఇటువాళ్ళను అడిగితే అటు అంటారు, అటువాళ్ళను అడిగితే ఇటు. గట్టు ఒక శాఖది, ఇసుక మరో శాఖది, రోడ్డు ఇంకో శాఖది, రాత్రి మాత్రం ఏ శాఖకూ చెందదు.

ఇలాంటి వెలుగులు లోకంలో ఇంకా ఉన్నాయి. కచ్‌లోని బన్ని గడ్డిమైదానాల్లో చిర్ బత్తి అంటారు, బెంగాల్ చిత్తడి నేలల్లో ఆలేయా అంటారు. అమెరికాలో టెక్సాస్‌లోని మార్ఫా ఊరి దగ్గర కనిపించేవాటిని చూడటానికి రోడ్డు పక్కన ప్రత్యేకంగా వేదిక కట్టారు. 2004లో డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం ఫిజిక్సు విద్యార్థులు అక్కడికి పరికరాలతో వెళ్ళి, ఆ దిక్కుగా పోయే హైవే మీద బండ్ల హెడ్‌లైట్లే అలా కనిపిస్తున్నాయని తేల్చారు. ఆ పిల్లలకు తెలివి ఉంది గానీ లోకజ్ఞానం లేదు. అదే పని మా జిల్లాలో చేసి ఉంటే, రిపోర్టు వచ్చేలోగా వాళ్ళ బైకుల టైర్లలో గాలి ఉండేది కాదు.

ఇంతకీ మా ఊళ్ళో కూడా విచారణ జరిగింది. రామాలయం అరుగు మీద అన్ని పార్టీల పెద్దలూ కూర్చున్నారు. ఏ విషయంలోనూ కలవని పార్టీలు దెయ్యం విషయంలో ఏకమవడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఒకాయన గ్రహస్థితి అన్నాడు. ఒకాయన కలికాలం అన్నాడు. గోడ పక్కన నిలబడ్డ ఎనిమిదో తరగతి కుర్రాడు "ట్రాక్టరండి" అన్నాడు. సభ నిశ్శబ్దమైపోయింది. వాళ్ళ నాన్న వాణ్ణి చెవి పట్టుకుని తీసుకుపోయాడు. మినిట్స్‌లో ఆ మాట రాయలేదు.

రాస్తే ఇబ్బంది పెద్దలకే కాదు. ఊళ్ళో ఈ రెండేళ్ళలో వేసిన శ్లాబుల్లో దెయ్యం తెచ్చిన సరుకు కలవనిది ఏదో నాకు చూపించండి. గుడి ప్రహరీ, చర్చి వరండా, కల్యాణ మండపం, చివరికి "నదిని కాపాడుకుందాం" అని బోర్డు పాతిన సిమెంటు దిమ్మె కూడా. దెయ్యం సరుకు బిల్లు అడగదు, ఇంటి ముందు పోసి వెళ్తుంది. అడ్డుకుంటే ధర పెరుగుతుందని ఇల్లు కట్టుకునేవాడికి భయం, కూలి పోతుందని బండి తోలే కుర్రాడికి భయం.

నష్టాలు లేవని కాదు. వెంటపడితే గుంటలో పడేస్తుందన్న పాత మాట ఇప్పుడు వెంటపడకపోయినా నిజమవుతోంది. రేవులో మోకాలి లోతు ఉండేచోట రాత్రికి రాత్రి గొయ్యి పడుతుంది. స్నానానికి దిగిన పిల్లలకు ఆ సంగతి తెలియదు. పేపర్లో మాత్రం "ఈతకు వెళ్ళి" అని రాస్తారు. బండ్లు దిగడానికి ఏటిగట్టును కోసిన చోట్లు వేసవిలో చదునైన రోడ్డులా ఉంటాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్టు అంటే ఏమిటో చూసినవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్నారు, కానీ వాళ్ళు అరుగు మీద చివర కూర్చుంటారు. పైన కట్టిన డ్యాముల దయవల్ల గోదావరి తెచ్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే 1990లకే సగం కంటే తక్కువైంది. రావడం తగ్గింది, పోవడం పెరిగింది. ఈ లెక్క దెయ్యాలకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కమిటీ చివరకు ఒక తీర్మానం చేసింది. చీకటి వల్లే దెయ్యాలు వస్తున్నాయి కాబట్టి ర్యాంపు దగ్గర పెద్ద హైమాస్ట్ లైటు వేయాలని. ఈ ఊళ్ళో ఇంత త్వరగా అమలైన తీర్మానం ఇంకొకటి లేదు. స్తంభం వచ్చింది, కొబ్బరికాయ కొట్టారు, స్విచ్ నొక్కారు, తిన్నెలన్నీ పట్టపగల్లా వెలిగాయి. ఫలితం అనుకున్నదానికంటే బాగా వచ్చింది. నదిలో తిరిగే వెలుగులు ఆ రాత్రి నుంచే మాయమయ్యాయి. అంత వెలుతురులో హెడ్‌లైట్లు వేసుకోవాల్సిన అవసరం వాటికి లేకుండా పోయింది. బ్యాటరీ ఆదా. కరెంటు బిల్లు పంచాయతీ కడుతోంది.