మూడో ఎత్తుకే తెగిపోయే పాఠం

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్‌పూర్‌ను మనవాళ్లు ఇప్పటికీ బల్లార్షా అనే పిలుస్తారు. బొగ్గు గనుల్లో, కాగితం మిల్లులో పనికి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి. 2025 జూలైలో జార్జియాలోని బటూమిలో జరిగిన మహిళల చదరంగం ప్రపంచ కప్ ఫైనల్లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్ తలపడినప్పుడు ఎవరి వైపు ఉండాలో తేలక ఈ ఇళ్లలో చిన్నపాటి ఇరకాటమే ఏర్పడింది. టైబ్రేక్‌లో దివ్య గెలిచింది. ఆ తర్వాత మా వీధిలో అటకెక్కిన చదరంగం బల్లలు కిందికి దిగాయి, పిల్లల ఫోన్లలో ఓపెనింగుల, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసల, వీడియోలు మొదలయ్యాయి. నా ఫిర్యాదు ఆ వీడియోలను పిల్లలు వాడుకుంటున్న తీరు మీదనే.

మా పక్కింటి ఆరో తరగతి కుర్రాడు ఇటాలియన్ ఓపెనింగులోని ఒక దాడిని పన్నెండు ఎత్తుల దాకా కంఠస్థం చేశాడు. బల్ల మీద నిలువు వరసలకు ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకు తెల్లవైపు నుంచి 1 మొదలు 8 దాకా అంకెలు ఉంటాయి. ఆ దాడిలో తెల్లబంటు ఇ4కు, నల్లబంటు ఇ5కు వస్తాయి. ఇరువైపులా ఒక్కో గుర్రం బయటికి వస్తుంది. తెల్ల శకటు సి4లో కూర్చుంటుంది. అప్పుడు నల్లవారు రెండో గుర్రాన్ని కూడా ముందుకు తెస్తే, తెల్లగుర్రం జి5కు దూకి, ఒక్క రాజు తప్ప మరే కాపలా లేని ఎఫ్7 గడిని శకటుతో కలిసి గురిపెడుతుంది. ఈ పాఠాన్ని కుర్రాడు గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మీద ప్రయోగించాడు. ఆయన మూడో ఎత్తుగా గుర్రాన్ని కదపకుండా శకటును ఒక్క గడి జరిపి ఇ7లో పెట్టాడు. కుర్రాడు బల్లకేసి చూడకుండా గుర్రాన్ని జి5కు దూకించాడు, శకటు వచ్చి దాన్ని తీసుకుపోయింది. “తాతా, ఇక్కడ మీరు గుర్రం తేవాలి” అన్నాడు వాడు కళ్లనీళ్ల పర్యంతమై. “నేనెందుకు తేవాల్రా?” అన్నాడాయన.

ఆ ప్రశ్నలోనే సమస్య అంతా ఉంది. బట్టీపట్టిన వరస ఎదుటివాడు కూడా అదే వరస చదువుకుని వస్తాడన్న నమ్మకం మీద నడుస్తుంది. పెద్ద టోర్నమెంట్లలో ఆ నమ్మకం చాలావరకు నిజమే, అక్కడ ఇద్దరూ ఒకే పుస్తకం తెరుస్తారు. వీధి అరుగు మీద మాత్రం మూడో ఎత్తుకో నాలుగో ఎత్తుకో పుస్తకం మూతపడుతుంది. పైగా పెద్దాయన వేసిన ఎత్తు పిచ్చి ఎత్తేమీ కాదు, దానికి హంగేరియన్ డిఫెన్స్ అన్న పేరే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. జి5లోకి గుర్రం రాకూడదని మాత్రం ఆయనకు తెలుసు.

జ్ఞాపకశక్తిని నమ్ముకోవడం లెక్కల ప్రకారం చూసినా నిలవదు. తెల్లవారి మొదటి ఎత్తుకు 20 అవకాశాలు ఉంటాయి, ఇద్దరూ చెరో ఎత్తు వేసేసరికి 400 రకాలవుతాయి, చెరో రెండు ఎత్తులు పూర్తయ్యేసరికి ఆట 1,97,281 దారుల్లో నడిచి ఉండవచ్చు. వీటిలో చాలాభాగం పనికిమాలినవేనన్నది నిజమే అయినా, కొత్తగా నేర్చుకునేవాడికి ఎదురయ్యేవి ఎక్కువగా ఆ పనికిమాలిన దారులే. అవి ఎందుకు పనికిరావో తెలియనివాడు వాటిని శిక్షించలేడు.

అసలేమీ కంఠస్థం చేయనక్కర్లేదని నేను అనడం లేదు. మంత్రిని, శకటును కలిపి ఎఫ్7 మీదికి తెచ్చి నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు చేసే పాత ఎత్తుగడను అడ్డుకోవడం పిల్లలకు మొదటివారంలోనే నేర్పాలి. లేకపోతే రెండో వారం వాళ్లు రారు.

ఆ తర్వాత నేర్పాల్సింది ప్రతి ఎత్తూ చేసే పని. ఇ4 బంటు నడిబల్లలో చోటు పట్టి మంత్రికీ శకటుకూ దారి తెరుస్తుంది, గుర్రం ఎఫ్3కు వచ్చి ఎదుటి బంటును బెదిరిస్తుంది, శకటు కదలడంతో కోట కట్టడానికి, అంటే రాజును మూలవైపు చేర్చి ఏనుగును పక్కన నిలపడానికి, వీలు చిక్కుతుంది. ఇక్కడి పిల్లలకు ఇది కొరుకుడుపడని విషయమేమీ కాదు. ఇంట్లో శకటు అనే కాయను మరాఠీ బడిలో ఉంట్ అని, అంటే ఒంటె అని, ఫోన్లో బిషప్ అని వింటూ ఏ తడబాటూ లేకుండా ఆడుతున్నారు, ఎందుకంటే అది ఐమూలగా నడుస్తుందన్న సంగతి వాళ్లకు తెలుసు. ఓపెనింగు విషయంలోనే పేరును పట్టుకుని నడకను వదిలేస్తున్నారు.

పుస్తకం లేనివాడి ఆటను తక్కువ చేసి చూడడానికి చరిత్ర కూడా ఒప్పుకోదు. 19వ శతాబ్దం మధ్యలో కలకత్తాలో జాన్ కోక్రేన్ అనే స్కాట్లండ్ ఆటగాడితో ఆడిన మహేశ్‌చంద్ర బెనర్జీ, బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచే దేశీ ఆటలో పెరిగినవాడు. శకటును మూలకు దగ్గరి గడిలో దాచి దూరం నుంచి నడిబల్లను కొట్టే ఆయన పద్ధతులకే ఇండియన్ డిఫెన్సులన్న పేరు వచ్చింది. 1922లో ఆస్ట్రియా ఆటగాడు గ్రూన్‌ఫెల్డ్ పేరు మీద ప్రసిద్ధమైన రక్షణ బెనర్జీ 1855 నాటి ఆటలోనే కనిపిస్తుంది.

ఇక ఓపెనింగుతోనే ఆట గెలుస్తామనుకునేవారు 2024 డిసెంబరులో సింగపూర్‌లో ముగిసిన ప్రపంచ టైటిల్ పోరును గుర్తుచేసుకోవచ్చు. నెలల తరబడి ఓపెనింగులు తయారుచేసుకుని వచ్చిన ఇద్దరి మధ్య టైటిల్ తేలింది పద్నాలుగో ఆటలో, 55వ ఎత్తు దగ్గర. అప్పటి ప్రపంచ విజేత, చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును ఎఫ్2లో పెట్టాడు, మిగిలిన కాయలు మారిపోయి, రాజులూ బంట్లూ మాత్రమే ఉండే బంట్లాట, అదీ ఆయన ఓడిపోయేది, మిగిలింది, గుకేశ్ విజేత అయ్యాడు. బంట్లాటలో రాజును ఎటు నడపాలో తెలియని పిల్లవాడికి పన్నెండు ఎత్తుల ఇటాలియన్ నేర్పడం, పునాది తవ్వకుండా గుమ్మానికి పసుపు రాయడం లాంటిది.

తెల్లకాయలకు ఒక ఓపెనింగు, నల్లకాయలతో ఇ4కు ఒక జవాబు, డి4కు మరొకటి తొలి ఏడాదికి చాలు. ప్రతి ఆట తర్వాత ఎదుటివాడు తెలిసిన దారి తప్పిన ఎత్తును నోటుబుక్కులో రాసుకుని, దానికి తనే జవాబు వెతుక్కోవాలి. ఫోనును అడగడం ఆ తర్వాతే. ఈ పద్ధతి చెబితే మా కుర్రాడు మొదట మొహం ముడుచుకున్నాడు, వీడియో చూడడంలో ఉన్న హుషారు రాసుకోవడంలో ఉండదు కదా. కిందటి ఆదివారం వాడి నోటుబుక్కు చూశాను. నాలుగో పద్దులో తాతగారి ఇ7 శకటు ఉంది. దాని పక్కన ‘గుర్రం జి5’ అని రాసి కొట్టేసి, కింద పెన్సిలుతో ‘బంటు డి4, నడిబల్ల ఖాళీగా ఉంది’ అని రాసుకున్నాడు. పుస్తకాలు కూడా అక్కడ డి4నే చెబుతాయన్న సంగతి వాడికి ఇంకా చెప్పలేదు.