పులికి డబుల్ కార్డు

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో రాజురా, బల్లార్షా వైపు మా తెలుగువాళ్లకు ఏ ఆఫీసుకెళ్లినా ముందు ఎదురయ్యే ప్రశ్న 'అసలు మీదే ఊరు?' అని. జివతి తాలూకాలో 14 ఊళ్లనైతే మహారాష్ట్ర, తెలంగాణ రెండూ మావేనంటాయి. అక్కడివాళ్ల దగ్గర రెండేసి ఓటరు కార్డులు. ఎంత అన్యాయమని బుగ్గలు నొక్కుకునేవాళ్లున్నారు. మరి ఇదే జిల్లా తాడోబా అడవిలో అంతకు మించిన వ్యవహారం నడుస్తుంటే ఆ ఫైలు తెరిచే నాథుడే లేడు.

నిందితుడు పులి. మన దగ్గర నారింజ రంగు చూపిస్తుంది, దుప్పి దగ్గర గడ్డి రంగు. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, దుప్పికి రెండే. ఎరుపునూ పచ్చనూ విడదీసి చూడటం దానివల్ల కాదు. గడ్డిలో నక్కిన పులి దుప్పి లెక్కలో ఇంకాస్త గడ్డి, అంతే. పోనీ పులి నిజంగా పచ్చబొచ్చు పెంచుకోవచ్చు కదా అంటే, అదీ కుదరదు. పాలిచ్చే జంతువుల బొచ్చుకు దొరికే సరుకు మెలనిన్ ఒక్కటే. అందులో నలుపూ గోధుమా, ఎరుపూ పసుపూ ఛాయలే వస్తాయి. తన దగ్గర లేని రంగును ఎదుటివాడి కంటి లోపంలోంచి వసూలు చేసుకోవడాన్ని ఏ సెక్షన్ కింద పెట్టాలో లాయర్లే చెప్పాలి.

సఫారీకి ఎర్రచొక్కాతో వస్తే అందరూ కసురుతారు. నీలం జీన్సు జోలికి ఎవరూ పోరు. దుప్పికి బాగా ఆనేది ఆ నీలమే! అమెరికాలో జింకల వేటగాళ్లు నారింజ కోట్లు తొడిగేది తోటి వేటగాడి తూటాకు భయపడి. జింకకు ఆ రంగు పట్టదని వాళ్లకు తెలుసు.

పాలపిట్ట ఇంకో ఘనురాలు. ప్రాణహిత అవతల తెలంగాణలో రాష్ట్రపక్షి, దసరానాడు దర్శనం. ఏరు దాటి ఇటొస్తే ఆ పదవిలో పచ్చపావురం ఉంటుంది, మేడమ్ మాజీ. ఆ నీలమైనా సొంతమా? ఈకలో నీలిరంగు పదార్థమే లేదు, సన్నని అల్లిక వెలుగును చెదరగొడితే అలా కనిపిస్తుంది. ఈకను మెత్తగా నూరితే నీలం మాయం. జప్తు చేద్దామన్నా సాక్ష్యం మిగలదు.

చంద్రపూర్ పులులు నేటివిటీ సర్టిఫికెట్ లేకుండానే కాగజ్‌నగర్ అడవులకు కాపురం మారుస్తున్నాయి. కాబట్టి రెండు ప్రభుత్వాలూ వెంటనే కమిటీ వేసి పులి ఒరిజినల్ రంగేదో తేల్చాలి. అప్పటిదాకా జివతివాళ్ల రెండో కార్డు జోలికి రాకూడదు. కమిటీలో దుప్పికి ఒక సీటు తప్పనిసరి. మీటింగుకు పులిని పిలిచే బాధ్యత ఏ రాష్ట్రానిదో ముందే రాసుకుంటే మంచిది.