కొరివితో తల గోక్కుంటున్న డెమోక్రాట్లు

డొనాల్డ్ ట్రంప్ అభిశంసనకు 2021 జనవరిలో ప్రతినిధుల సభలో ఓటేసిన రిపబ్లికన్లు పదిమందే. వారిలో ఒకరు, సభలో అడుగుపెట్టి రెండు వారాలైనా కాకముందే ఆ ఓటు వేసిన పీటర్ మెయర్‌ను, 2022 ఆగస్టు 2న మిషిగన్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలో) సొంత పార్టీ ఓటర్లే ఇంటికి పంపారు. 2020 అధ్యక్ష ఎన్నికల ఫలితాన్ని ఒప్పుకోని జాన్ గిబ్స్ నాలుగు శాతం లోపు తేడాతో గెలిచారు. రిపబ్లికన్ల తీరు ఎరిగినవారికి ఇందులో వింతేమీ లేదు. ఆ గిబ్స్ పేరును టీవీల్లో మోగించడానికి 4.25 లక్షల డాలర్లు గుమ్మరించింది డెమోక్రటిక్ పార్టీ కాంగ్రెస్ ప్రచార కమిటీ కావడమే వింత.

గిబ్స్ మరీ ఛాందసుడనీ, ట్రంప్ స్వయంగా ఎంచుకున్న మనిషనీ ఆ ప్రకటన పైకి హెచ్చరించింది. రిపబ్లికన్ ఓటరు చెవికి అది హెచ్చరిక కాదు, సిఫార్సు. మన దగ్గర బీ-ఫారం అధిష్ఠానం జేబులో ఉంటుంది. అమెరికాలో అభ్యర్థిని ఎంచుకునే హక్కు ఓటరుదేనని గొప్పగా చెబుతారు. ఆ హక్కులోకి ఎదుటి పార్టీ డబ్బు సంచితో దొంగచాటుగా దూరడం ఏ ప్రజాస్వామ్య రక్షణ? 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌పై జరిగిన దాడిని విచారించిన సభా సంఘం 2022 జూన్, జులై నెలల్లో దేశం కళ్లు తెరిపించే సాక్ష్యాలు వినిపించింది. ఎన్నికల ఫలితాన్ని కాదనేవారు గద్దెనెక్కితే దేశానికి ముప్పని డెమోక్రాట్లే చెప్పారు. ఆ ముప్పుకే ప్రచార ఖర్చు పెట్టారు.

2022 నవంబరులో మెయర్ కంటే గిబ్స్‌ను ఓడించడం సులువనీ, సభలో ఆధిక్యం నిలవాలంటే ఒక్కో సీటూ ముఖ్యమేననీ పార్టీ వ్యూహకర్తలు అన్నారు. కొత్త సరిహద్దుల ప్రకారం ఆ నియోజకవర్గంలో 2020లో ఆధిక్యం బైడెన్‌దే. అలాంటి చోట కూడా సొంత విధానాలు చెప్పి గెలవలేమనుకునే పార్టీకి వ్యూహకర్తలెందుకు?

ఈ జూదం కొత్తది కాదు. 2012లో మిస్సోరీ సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్ రిపబ్లికన్ ప్రైమరీలో టాడ్ అకిన్‌కు ఇలాగే ఊతమిచ్చి నెగ్గారు. రుచి మరిగారు. ట్రంప్ వంటివారిని ముందుకు నెడితే మేలని 2015లో హిల్లరీ క్లింటన్ ప్రచార బృందం కాగితం మీద రాసుకుంది. ఆ లెక్క 2016లో ఎక్కడ తేలిందో లోకమంతా చూసింది. అయినా 2022లో ఇల్లినాయిలో డారెన్ బెయిలీకి, మేరీలాండ్‌లో డాన్ కాక్స్‌కు గవర్నర్ టికెట్ దక్కేలా డెమోక్రాట్ల డబ్బే పారింది. జనవరి 6న వాషింగ్టన్‌కు జనాన్ని బస్సుల్లో తరలించిన డగ్ మాస్ట్రియానో పేరును పెన్సిల్వేనియాలో ఆయన ప్రత్యర్థి జోష్ షపీరో స్వయంగా తన ప్రకటనల్లో మోశారు. ఇందులో ఒక్కరు గెలిచి ఉన్నా, 2024లో ఆ రాష్ట్ర ఓట్ల లెక్కను ధ్రువీకరించే కలం ఎవరి చేతిలో ఉండేదో ఈ మేధావులు ఆలోచించారా?

రిపబ్లికన్ పార్టీని మేము వెనకేసుకురావడం లేదు. 2020 ఫలితాన్ని తారుమారు చేయాలన్న ట్రంప్ ఒత్తిడికి లొంగని అరిజోనా శాసనసభ స్పీకర్ రస్టీ బోవర్స్‌ను అదే ఆగస్టు 2న ఆ పార్టీ ఓటర్లు ఓడించారు. మిస్సోరీ సెనేట్ ప్రైమరీ బరిలో ఒకరికి మించి ఎరిక్‌లు ఉండగా, తన మద్దతు ‘ఎరిక్‌’కేనని ప్రకటించి ట్రంప్ చేతులు దులుపుకున్నారు; దాన్ని కూడా వరప్రసాదంగా కళ్లకద్దుకున్న పార్టీ అది. దాని నుంచి మేము ఆశించేదేమీ లేదు. మా ఆగ్రహం నీతులు చెప్పే పార్టీ మీదే.

సొంత ప్రైమరీల్లోనైనా ఈ పార్టీ నిజాయితీగా ఉందా అంటే అదీ లేదు. మహిళల గర్భస్రావ హక్కుకు చట్టరక్షణ కల్పించే బిల్లును 2021 సెప్టెంబరులో ప్రతినిధుల సభలో వ్యతిరేకించిన ఏకైక డెమోక్రాట్ సభ్యుడు టెక్సాస్‌కు చెందిన హెన్రీ కుయెల్లార్. సుప్రీంకోర్టు ఆ హక్కును రద్దు చేయబోతోందని 2022 మే నెలలో బయటపడ్డాక కూడా అప్పటి స్పీకర్ పెలోసీ, సభలో పార్టీ విప్ క్లైబర్న్ ఆయన వెంటే నిలిచారు. ప్రైమరీలో ఆయనకు పోటీగా నిలిచిన అభ్యుదయవాది జెస్సికా సిస్నెరోస్ మూడు వందల లోపు ఓట్లతో ఓడారు. హక్కు పోయిన జూన్ 24నే, దాన్ని కాపాడాలంటే తమకే ఓటేయాలని అదే నాయకులు పిలుపిచ్చారు! గిబ్స్ గెలిచిన రోజునే కాన్సస్‌లో, ట్రంప్‌కు పట్టం కట్టిన రాష్ట్రంలో, ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 59 శాతం ఓటర్లు గర్భస్రావ హక్కును నిలబెట్టుకున్నారు. అక్కడ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి ఓటర్లకు నచ్చజెప్పారు. ఎవరి ప్రైమరీలోనూ దొంగ పందెం కాయలేదు.

ప్రజాస్వామ్యాన్ని కాపాడుదాం, పది డాలర్లు పంపండంటూ ప్రచార కమిటీ నిత్యం ఉత్తరాలు రాస్తూనే ఉంది. అమెరికా పౌరులైన మన తెలుగువారికీ అవి అందుతున్నాయి. 2022లో కమిటీ అధ్యక్షుడిగా ఉన్న షాన్ పాట్రిక్ మలోనీ, కమిటీ తదుపరి ఉత్తరం వెళ్లడానికి ముందు, గిబ్స్ ప్రకటనకు వెళ్లిన 4.25 లక్షల డాలర్లలో ఈ చిరుదాతల సొమ్మెంతో లెక్క చెప్పాలి.