సవరణ: చెన్నై పెరళ్లలో సున్నం వేయకండి

కూరగాయలు వేసే ముందు మట్టిలో సున్నం కలపాలని పోయిన వారం పోస్టులో ఉంది. ఆ మాట ఆమ్లగుణం ఉన్న నేలకే వర్తిస్తుంది. బెంగళూరు ఎర్రమట్టి చాలాచోట్ల అలాంటిదే. చెన్నైలోని మనవాళ్లు, ముఖ్యంగా బీసెంట్ నగర్, తిరువాన్మియూరు లాంటి సముద్రం పక్క ఇళ్లవాళ్లు, దయచేసి సున్నం జోలికి పోకండి.

అక్కడి ఇసుక నేలకు సాధారణంగా ఆ ఆమ్లగుణం ఉండదు, పైగా అది నీళ్లనీ పోషకాలనీ పట్టి ఉంచలేదు. కొన్నిచోట్ల బోరు నీళ్లూ ఉప్పగా ఉంటాయి. సున్నంతో పీహెచ్ (మట్టి ఆమ్లమా, క్షారమా చెప్పే అంకె; పెరిగేకొద్దీ ఆమ్లం తగ్గినట్టు) మరీ పెరిగితే మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలి, మిగతాదంతా పసుపు తిరుగుతుంది. చాలా కూరగాయలకు పీహెచ్ 6 నుంచి 7 ఉంటే బాగుంటుంది, కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించండి.

ఇసుక నేలకు నిజంగా కావాల్సింది బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు. రెండు మూడు అంగుళాల మందాన పరిచి, పై జానెడు మట్టిలో కలిపేయండి. పచ్చి పేడ వద్దు, వేర్లు మాడతాయి. కోకోపీట్‌లోనూ (కొబ్బరి పీచు పొడి) ఉప్పు ఉండొచ్చు, మంచినీళ్లలో కడిగి పిండాకే వాడండి.

ఇప్పటికే సున్నం చల్లినవాళ్లు టెన్షన్ పడొద్దు. ఇంక సున్నం వేయకుండా కంపోస్టు మాత్రమే కలిపి, పీహెచ్ చూశాకే విత్తండి.