పదమూడు గెలుపులు, ఒక మోచెయ్యి

ఇది 2023 ఏప్రిల్ 14, శుక్రవారం నాటి మాట. అమెరికా బేస్‌బాల్ లీగ్‌లో టాంపా బే రేస్ ఈ సీజన్‌లో 13 మ్యాచ్‌లు ఆడింది, పదమూడూ గెలిచింది. 1900 తర్వాత సీజన్‌ని ఇలా మొదలుపెట్టిన టీమ్‌లు ఇంకో రెండే ఉన్నాయి: 1982 అట్లాంటా బ్రేవ్స్, 1987 మిల్వాకీ బ్రూయర్స్. ఈ శుక్రవారం రాత్రి, మన టైమ్‌లో శనివారం తెల్లవారుజామున, టొరంటోలో బ్లూ జేస్‌ని కూడా ఓడిస్తే ఆ రికార్డు రేస్ ఒక్కదానిదే అవుతుంది. అందుకే ఎక్కడ చూసినా పద్నాలుగోది వస్తుందా రాదా అన్న లెక్కలే. నాకు మాత్రం ఆ ప్రశ్న అంత ముఖ్యంగా కనిపించడం లేదు. నిన్న మధ్యాహ్నం బోస్టన్ మ్యాచ్ మధ్యలో రేస్ పిచర్ (మన బౌలర్ లాంటివాడు) జెఫ్రీ స్ప్రింగ్స్ నొప్పితో మైదానం వదిలి వెళ్లిపోయాడు. మోచేతి దగ్గర నరం సమస్య అని టీమ్ చెప్పింది, పరీక్షల ఫలితం ఇంకా రావాలి. ఈ టీమ్ గురించి ఇప్పుడు మాట్లాడాల్సింది ఆ ఎడమ మోచెయ్యి గురించే.

అయితే ముందు ఒకటి తేల్చేద్దాం. ఈ ఫామ్ నిజమైనదే, గాలివాటం కాదు. 13 మ్యాచ్‌ల్లో 101 రన్స్ కొట్టి 30 మాత్రమే ఇచ్చారు. మొదటి తొమ్మిది గెలుపుల్లో ఒక్కటి కూడా నాలుగు రన్స్ కంటే తక్కువ తేడాతో రాలేదు. ఓక్‌లాండ్‌ని వరసగా రెండు రోజులు 11-0, 11-0తో పంపించారు. ఇవన్నీ ఒక ఎత్తు, బోస్టన్‌తో మొదటి మ్యాచ్ ఒక ఎత్తు. తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో ఏడు దాకా రెండు వైపులా సున్నా, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బ్రాండన్ లౌ అనే బ్యాటర్ ఒక్క హోమర్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు, 1-0తో అయిపోయింది. పది రన్స్ కొట్టే టీమ్ పది కొట్టి గెలవడం మామూలే. బ్యాట్ పలకని రోజున కూడా మ్యాచ్ చేజారనివ్వని టీమ్‌ని చూసే నేను ఫామ్ అంటాను. నిన్నటి మ్యాచ్‌లో 3-1తో వెనకబడి కూడా ఐదో ఇన్నింగ్స్‌లో ఏడు రన్స్ పిండుకుని 9-3తో ముగించారు.

ఎదుటివాళ్లు బలహీనులు కదా అంటారు. నిజమే, డెట్రాయిట్ పోయినేడు 96 మ్యాచ్‌లు ఓడింది, ఓక్‌లాండ్ 102, వాషింగ్టన్ ఏకంగా 107. బోస్టన్‌దీ రేస్ ఉన్న డివిజన్‌లో, అంటే ఐదు టీమ్‌ల గుంపులో, చివరి స్థానమే. కానీ ఈ టీమ్‌లతో మిగతా వాళ్లందరూ ఆడతారు. ఈ ఏడాది నుంచి షెడ్యూల్ మారింది కాబట్టి ప్రతి టీమూ మిగతా 29 టీమ్‌లతోనూ ఆడాలి. సొంత డివిజన్‌లో ఒక్కొక్కరితో 19 మ్యాచ్‌లు ఉండేవి, ఇప్పుడు 13కి తగ్గాయి. అంటే బలహీనమైన టీమ్‌ల మీద వచ్చే గెలుపుల విలువ తగ్గలేదు, పెరిగింది. సులువైన మ్యాచ్ గెలవడం అందరూ చేసే పనే అయితే 1900 నుంచి ఇప్పటిదాకా మూడే టీమ్‌లు 13-0 దగ్గర ఎందుకు ఉంటాయి?

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది వీళ్ల బ్యాటింగ్. పోయినేడు అక్టోబర్ ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ సిరీస్‌లు) గుర్తున్నాయి కదా, క్లీవ్‌లాండ్‌లో రెండు మ్యాచ్‌లు, రెండోది 15 ఇన్నింగ్స్ సాగింది, మొత్తం 24 ఇన్నింగ్స్‌లో రేస్ కొట్టింది ఒక్క రన్. 2022 సీజన్ మొత్తం తీసుకుంటే మ్యాచ్‌కి నాలుగు రన్స్ చిల్లర. ఇప్పుడది ఏడు దాటింది. పెద్ద బ్యాటర్‌ని ఎవరినైనా కొన్నారా అంటే లేదు. ఈ క్లబ్ చరిత్రలోనే ఫ్రీ ఏజెంట్‌కి (ఏ టీమ్‌తోనూ ఒప్పందం లేని ఆటగాడికి) ఇచ్చిన అతి పెద్ద కాంట్రాక్ట్ ఈ శీతాకాలంలోనే ఇచ్చారు, అదీ పిచర్‌కి, జాక్ ఎఫ్లిన్‌కి మూడేళ్లకు 4 కోట్ల డాలర్లు. న్యూయార్క్ మెట్స్ జీతాల బిల్లు ఈ ఏడాది 35 కోట్ల డాలర్లు దాటితే వీళ్లది అందులో నాలుగో వంతు కూడా లేదు. ఇప్పుడున్న బ్యాటర్లలో రాండీ అరోజరేనాని సెయింట్ లూయిస్ వదులుకుంది. యాండీ డియాజ్‌ని క్లీవ్‌లాండ్ వదులుకుంది. ఐజాక్ పరేడెస్‌ని డెట్రాయిట్ ఇచ్చేసింది. అక్కడ బెంచి మీద కూర్చున్నవాళ్లు ఇక్కడికొచ్చాక మ్యాచ్‌లు గెలిపిస్తున్నారంటే ఎవరిలో ఏముందో పసిగట్టే కన్ను ఈ ఆఫీసులో ఉంది. ఆ విషయంలో వీళ్లను ఎంత పొగిడినా తక్కువే.

స్ప్రింగ్స్ కథ కూడా అలాంటిదే. కొత్త ఆటగాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2015లో, 30వ రౌండ్‌లో టెక్సస్ తీసుకుంది. 30వ రౌండ్ అంటే ఇంటికి పిలిచి ఉద్యోగం ఇచ్చినట్టు కాదు, వస్తే రా అన్నట్టు. తిరిగి తిరిగి బోస్టన్ చేరాడు, వాళ్లూ 2021లో రేస్‌కి ఇచ్చేశారు. మ్యాచ్ మధ్యలో వచ్చి ఒకటీ రెండు ఇన్నింగ్స్ వేసే రిలీవర్‌ని పోయినేడు సీజన్ మధ్యలో, మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టర్‌గా మార్చారు. జనవరిలో నాలుగేళ్లకు 3.1 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చారు. ఈ సీజన్‌లో మొదటిసారి బంతి పట్టిన రోజు డెట్రాయిట్‌పై ఆరు ఇన్నింగ్స్, ఒక్క హిట్ ఇవ్వలేదు, 12 మందిని స్ట్రైకౌట్ (బంతిని ఆటలోకి కొట్టనివ్వకుండానే ఔట్) చేశాడు. తర్వాత ఓక్‌లాండ్‌పై ఏడు ఇన్నింగ్స్, ఒక్క రన్ ఇవ్వలేదు. నిన్నటిది మూడోసారి. మొత్తం 16 ఇన్నింగ్స్, 0.56 ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. ముప్పై ఏళ్లు వచ్చాక, ఇన్నాళ్లకు ఒక మనిషికి తన చోటు దొరికింది అనుకుంటుండగా చెయ్యి మొరాయించింది. మోచేతి నరమే అయితే కొన్ని వారాల్లో తిరిగి రావచ్చు. ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ అయితే మాత్రం ఏడాది పైనే, ఒక్కోసారి ఏడాదిన్నర.

ఇక ఈ టీమ్‌లో మిగతా మోచేతులు చూడండి. టైలర్ గ్లాస్నో, 2021లో టామీ జాన్ సర్జరీ, అంటే తెగిన మోచేతి లిగమెంట్ మార్చే ఆపరేషన్. షేన్ బాజ్, పోయిన సెప్టెంబర్‌లో. ఆండ్రూ కిట్రిడ్జ్, పోయిన జూన్‌లో. యోనీ చిరినోస్, జేలెన్ బీక్స్, కాలిన్ పోష్, ముగ్గురికీ 2020లోనే. పీట్ ఫేర్‌బ్యాంక్స్‌కి రెండుసార్లు. ఈ రాత్రి టొరంటోలో మొదటి బంతి వేయబోయే డ్రూ రాస్ముసెన్‌కి కాలేజీ రోజుల్లోనే రెండుసార్లు. ఒక్క టీమ్‌లో ఇంతమంది. దీన్ని దురదృష్టం అని సరిపెట్టుకోవడం నాకు చేతకాదు. వందేళ్ల కిందట గనుల్లో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులు పాడైతే తలరాత అనుకునేవాళ్లట. ఇదీ అలాగే ఉంది.

ఆ సర్జరీ వల్ల మంచి జరగలేదని నేననను. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్ మోచేతిలో తెగిన లిగమెంట్ తీసి మణికట్టు దగ్గరి స్నాయువుని అక్కడ కుట్టాడు. అప్పటికి అది ప్రయోగం. ఆ మనిషి తిరిగొచ్చి 1989 దాకా ఆడి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు. కెరీర్ అయిపోయిందనుకున్న చోట మళ్లీ మొదలైంది. తేడా ఎక్కడొచ్చిందంటే, అప్పుడు అది ప్రమాదం జరిగాక చేసే చికిత్స, ఇప్పుడు టీమ్‌లు ముందుగానే లెక్కలో వేసుకునే ఖర్చు. ఒకరు పోతే ఇంకొకరు ఉంటారు, ఆ ఒకరు ఏడాదిన్నరకి బాగుపడి వస్తారు, ఈలోగా మూడోవాడు. మొన్న బుధవారం ఎఫ్లిన్ నడుంనొప్పితో లేకపోతే టాజ్ బ్రాడ్లీ అనే 22 ఏళ్ల కుర్రాడిని తెచ్చి ఆడించారు, ఎనిమిది మందిని స్ట్రైకౌట్ చేసి గెలిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ కుర్రాడి మోచెయ్యి పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందన్న ఆలోచన మాత్రం వదల్లేదు.

ఈ పద్ధతిని అందరికంటే ముందు పట్టుకున్నది రేసే. 2018 మే నెలలో సెర్జియో రోమో అనే రిలీవర్‌తో మ్యాచ్ మొదలుపెట్టించి ఓపెనర్ అన్న పద్ధతిని అలవాటు చేసింది వీళ్లే. 2020లో లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో రేస్ పిచర్ బ్లేక్ స్నెల్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని ఆడుకుంటున్నాడు, 73 బంతులే వేశాడు, తొమ్మిది స్ట్రైకౌట్‌లు, 1-0 ఆధిక్యం. అదే బ్యాటర్లు మూడోసారి వస్తున్నారని, ఈపాటికి పిచర్‌ని చదివేసి ఉంటారన్న లెక్కతో, మేనేజర్ కెవిన్ క్యాష్ తీసేశాడు. 3-1తో ఓడిపోయారు. ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని మూడేళ్లుగా కొట్టుకుంటూనే ఉన్నాం, దాని వెనక ఉన్న ఆలోచనను మాత్రం లీగ్ మొత్తం ఎత్తుకెళ్లింది. పిచర్ ఎంతసేపు నిలబడతాడన్నది లెక్క కాదు, నిలబడినంతసేపు ప్రతి బంతికీ ఒంట్లో ఉన్నదంతా పెట్టాలి. అలిసిపోతే వెనక ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు. 2008లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకు 92 మైళ్ల దరిదాపుల్లో ఉండేది, ఇప్పుడు 94 చుట్టూ ఉంది. వినడానికి రెండు మైళ్లే, మోచేతిలో ఉన్న ఆ చిన్న లిగమెంట్‌కి మాత్రం అది చిన్న లెక్క కాదు.

స్ప్రింగ్స్ వేగం మీద బతికే పిచర్ కాదు కదా అని మీరు అడగొచ్చు. కాదు, అతని ఫాస్ట్‌బాల్ 91 దరిదాపుల్లోనే ఉంటుంది, అతని ఆయుధం ఛేంజప్, అంటే ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి. నన్ను ఎక్కువ భయపెడుతున్నదీ అదే. వంద మైళ్లు విసిరేవాళ్ల చేతులే తెగుతాయన్న ధైర్యం కూడా పోయింది. ఒక్కొక్కరి శరీరానికి ఒక్కో హద్దు ఉంటుంది, దాని అంచు మీద ప్రతి బంతికీ నిలబడమని అడిగితే 91 వేసేవాడికీ అదే గతి. పాత స్టార్టర్ల దగ్గర ఒక విద్య ఉండేది. తొమ్మిదో నంబర్ బ్యాటర్ వస్తే కాస్త తగ్గించి వేసి, రన్ తీయడానికి ఎదుటి టీమ్ మనుషులు బేసుల మీద ఉన్నప్పుడు బయటికి తీయడానికి కొంత దాచుకునేవాళ్లు. ఇప్పుడు దాచుకున్నవాడికి టీమ్‌లో చోటుండదు.

మనకు ఇది కొత్త బాధ కూడా కాదు. బుమ్రా వెన్ను సంగతి తెలిసిందే, పోయిన నెలే న్యూజిలాండ్‌లో ఆపరేషన్ అయింది, ఈ ఐపీఎల్‌లో లేడు. ఫాస్ట్ బౌలర్ గాయపడితే మనం కనీసం పనిభారం గురించి వారం రోజులు వాదించుకుంటాం. బేస్‌బాల్‌లో ఆ వాదన కూడా జరగడం లేదు, ఇంకో పేరు జాబితాలోకి ఎక్కి ఆట సాగిపోతోంది.

దీనికి మందు బేస్‌బాల్ చేతిలోనే ఉందని నా నమ్మకం. పోయిన జూన్ నుంచి 26 మంది టీమ్‌లో పిచర్లు 13 మందికి మించకూడదన్న నియమం అమలవుతోంది. దాన్ని 11కి దించండి. ఒక్కసారిగా వద్దు, ఏడాదికి ఒకరి చొప్పున. వెనక ఎనిమిది మంది రిలీవర్లు లేరని తెలిస్తే ఏ మేనేజరూ స్టార్టర్‌ని 73 బంతులకి లాగేయడు, ఏ స్టార్టరూ మొదటి ఇన్నింగ్స్ నుంచే ప్రాణం పెట్టి విసరడు. అప్పుడు ఉన్న పిచర్ల మీద భారం పెరిగి గాయాలు ఇంకా ఎక్కువవుతాయని కొందరంటారు. మొదటి ఏడాది అలా జరిగినా జరగొచ్చు. కానీ ఆట ఏది కోరితే ఆటగాళ్లు దానికి తగ్గట్టు మారతారు. ఈ సీజన్‌లోనే పిచర్ ఇన్ని సెకన్లలో బంతి వేయాలన్న పిచ్ క్లాక్ పెట్టారు, కొంపలు మునుగుతాయన్నారు, రెండు వారాలు తిరక్కుండానే అందరూ అలవాటు పడ్డారు. మ్యాచ్ అరగంట తగ్గించడానికి అంత తెగువ చూపించిన లీగ్, మోచేతులు కాపాడటానికి చూపించలేదా?

టొరంటో సంగతికొస్తే, ఇది ఈ సీజన్‌లో రేస్‌కి మొదటి గట్టి పరీక్ష. వాషింగ్టన్‌లో ఆడిన మూడూ తప్ప మిగతా పది మ్యాచ్‌లూ సొంత మైదానంలోనే. బ్లూ జేస్ పోయినేడు 92 గెలిచిన టీమ్, రేస్ కంటే ఆరు ఎక్కువ. వ్లాదిమిర్ గెరేరో జూనియర్, బో బిషెట్, మ్యాట్ చాప్‌మన్, ఈ వరసలో ఎక్కడా ఊపిరి తీసుకోవడానికి ఉండదు. వాళ్ల మైదానం రాజర్స్ సెంటర్ ఔట్‌ఫీల్డ్ గోడలు ఈ శీతాకాలంలో మార్చారు, బంతి ఎక్కడ తగిలి ఎటు తిరుగుతుందో బయటి టీమ్‌లకి ఇంకా తెలియదు. ఇక్కడ ఆడే మూడు మ్యాచ్‌ల్లో ఒకటైనా రేస్ ఓడుతుందనే నా అంచనా, ఈ రాత్రే ఓడినా ఆశ్చర్యపోను. ఓడితే మాత్రం ఏమైంది? 1987 బ్రూయర్స్ 13-0 నుంచి 20-3 దాకా వెళ్లి, మే నెలలో వరసగా 12 ఓడి, 91 గెలుపులతో ప్లేఆఫ్స్ బయటే ఉండిపోయింది. 1982 బ్రేవ్స్ 89 గెలుపులతో డివిజన్ నెగ్గింది కానీ ప్లేఆఫ్స్‌లో సెయింట్ లూయిస్ చేతిలో మూడుకి మూడూ ఓడింది. ఏప్రిల్‌లో వచ్చిన గెలుపులు ఎక్కడికీ పోవు, అవి ఖాతాలో భద్రంగానే ఉంటాయి. అక్టోబర్‌లో బంతి పట్టడానికి చేతులు మిగిలి ఉండాలి.

ఇంకా 149 మ్యాచ్‌లున్నాయి. ఎఫ్లిన్ వెన్ను, గ్లాస్నో పక్కటెముకల కండరం, బాజ్ మోచెయ్యి, ఇప్పుడు స్ప్రింగ్స్. షేన్ మెక్‌లానహన్‌నీ రాస్ముసెన్‌నీ పక్కన పెడితే, ఇంత గొప్ప ఆరంభం చేసిన టీమ్‌కి స్టార్టర్ అని గట్టిగా చెప్పుకోదగ్గ మనిషి కనిపించడం లేదు. ఈ రాత్రి టీవీ ముందు కూర్చున్నప్పుడు నేను స్కోరు కంటే ఎక్కువగా రాస్ముసెన్‌ని చూస్తాను. మొదటి ఇన్నింగ్స్‌లో ఎంత వేగం వేశాడు, ఐదో ఇన్నింగ్స్‌లో ఎంత వేస్తున్నాడు, బంతి వదిలాక ఒక్కసారైనా ఆ చెయ్యి విదిలిస్తాడా అని.